విజ్ఞానసభ విహారము: డిచ్‌పల్లి, ఇందూరు, బోధను

శాస్త్రజ్ఞులు కూడి చర్చించు పెద్ద సభలకు మన యిండ్లనుండి పురుషులు పోవుటయు, వారి వెంట నప్పుడప్పుడు స్త్రీలును పోవుటయు నిపుడు వింత కాదు. స్త్రీలే శాస్త్రజ్ఞులై వేదికపై వ్యాసములు చదువుచుండగా, వారి భర్తలు బిడ్డల నెత్తుకొని వసారాలలో తిరుగుచుండుటయు మేము కన్నులార చూచితిమి. అయినను సభలవారు అచ్చొత్తించు కార్యక్రమ పత్రములో ‘వెంట వచ్చినవారికి’ అని యొక పుట వేరుగా నుండును. ఆ పుటలో నేమి యుండునో సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఒకనాడు నగల బజారు, ఒకనాడు చీరల దుకాణములు, ఒక సాయంకాలము నృత్యము, ఆ పిమ్మట విందు. మనకు కావలసినది కొనుగోలు మాత్రమే యని యెవరు నిర్ణయించిరో కాని, ఆ నిర్ణయము ఊరూర నొక్కతీరుగనే నడచుచున్నది.

గడచిన మాఘమాసమున హైదరాబాదులో జరిగిన యొక విజ్ఞానసభకు మేమైదుగురము కలిసి పోతిమి. మాలో నొకరు వైద్యురాలు. ఆమెను మేమందరము డాక్టరు వదిన యందుము. ఒకరు కళాశాలలో వృక్షశాస్త్రము చెప్పు చిన్నక్క. సభలో వ్యాసము చదువవలసినది ఈమెయే. తక్కిన వారము ఇల్లు దిద్దుకొనువారము. కాని పత్రికలలో శాస్త్రవిషయము కనబడినచో వదలక చదువువారము. హైదరాబాదు ముత్యములు మాకు క్రొత్త కావు. కార్యక్రమ పత్రము అడుగున చిన్న యక్షరములలో ‘డిచ్‌పల్లి రామాలయము, ఇందూరు కోట, నిజాంసాగరము – ఒకదిన విహారము’ అని యుండుట చూచి పేర్లు వ్రాయించితిమి. “దూరమమ్మా, అలసిపోదురు” అని వ్రాసికొనువా డనెను. మరునాడు తెల్లవారుజామున బస్సెక్కి చూతుము గదా, సగమునకు పైగా స్త్రీలే యుండిరి.

ఈ విహారముల యాచారము క్రొత్తది కాదు. ఇంగ్లండులో 1831లో యార్కు పట్టణమున పుట్టిన బ్రిటిషు విజ్ఞానసంఘము ఏటేట నొక్కొక్క ఊర కూడుచుండెను. ఊరు మారుటచే చుట్టుపట్ల చూడదగినవియు మారుచుండెను. 1905లో ఆ సంఘము దక్షిణాఫ్రికాకు తరలిపోయినపుడు, సభ్యులు విక్టోరియా జలపాతము చూడబోయిరి. అచట జాంబెజీ నదిపై క్రొత్తగ కట్టిన యినుప వంతెనను ఆ సెప్టెంబరు 12వ తేదీన ప్రారంభించినవాడు సంఘాధ్యక్షుడగు జార్జి డార్విను. పరిణామవాదము చెప్పిన చార్లెసు డార్విను కుమారు డితడే. మన దేశమున విజ్ఞానమహాసభ 1914 జనవరిలో కలకత్తాయందు మొదలయ్యెను. దాని రజతోత్సవమునకు 1938లో వచ్చిన స్విట్జర్లాండు మనస్తత్త్వపండితుడు యుంగ్, సభకన్న సాంచి స్తూపమున్న గుట్టను గూర్చియే తన జీవితకథలో పరవశించి వ్రాసెను. సభలో విన్నది మరచిపోయి దారిలో చూచినది జ్ఞాపకముంచుకొనుట పండితులకు గూడ సహజమే కాబోలు. అందుచేతనే దారిలో నేమి చూపుచున్నారన్నది చిన్న విషయము కాదని మా తలంపు.

మేము పోయిన ప్రాంతమునకును విజ్ఞానమహాసభకును వెనుకటి సంబంధ మొకటి కలదు. ఆ మహాసభ హైదరాబాదులో మొదట కూడినది 1937 జనవరిలో. ఆ యేటి యధ్యక్షుడు టి. యస్. వెంకటరామన్, కోయంబత్తూరులో చెరకు వంగడములను పెంచిన పండితుడు. ఆయన తన యధ్యక్షోపన్యాసమునకు నక్షత్రములను గాని పరమాణువులను గాని తీసికొనక, భారతదేశపు పల్లెను, దాని భూతవర్తమాన భవిష్యత్తులను విషయముగా తీసికొనెను. ఆ 1937లోనే బోధనులో నిజాము చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. చెరకు పండితుడు రాజధానిలో నధ్యక్షత వహించిన యేడే ఆ రాజ్యమున చెరకు గానుగలకు బదులు మహాయంత్రములు కాలూనినవి. ఈ సంగతి బస్సులో చిన్నక్క చెప్పగా, “అట్లయిన బోధను మన పట్టికలో నేల లేదు?” అని మాలో నొకరడిగిరి. మా వెంట వచ్చిన మార్గదర్శకుడు, చదువుకొనిన యువకుడు, “అది మూతబడినదమ్మా. చూచుటకేమున్నది?” అనెను. ఆ మాట మాకు దినమంతయు చెవిలో మ్రోగుచునే యుండెను.

బస్సు 44వ నంబరు జాతీయ రహదారిని పట్టి, రామాయంపేట, కామారెడ్డి దాటి, సుమారు మూడు గంటలలో డిచ్‌పల్లి చేరినది. రహదారికి దాపుననే 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయము కనబడును. పల్లె మునుపటి పల్లె కాదు. దుకాణములు, విద్యార్థినీవిద్యార్థులు, ఆటోలు. రామాలయము మాత్రము గుట్టపై నిశ్చింతగా నున్నది. నూరు పైబడిన మెట్లు. మోకాళ్ల నొప్పులవారు మెల్లగ ఎక్కవలెను. నడుమ నిలుచుటకు చోటు కలదు. ఆలయము కాకతీయుల నాటిదని చెప్పుదురు. గోడలనిండ నల్లరాతి శిల్పములు: నర్తకులు, ఏనుగులు, దేవతలు, వారితోపాటు మిథునములును. వీనిని బట్టియే దీనికి ఇందూరు ఖజురహో అని పేరు వచ్చినది. ఆ శిల్పముల యొద్దకు రాగానే మార్గదర్శకుడు కొంత తడబడి, “ఇటు రండమ్మా, ఇటు చెరువు బాగుగా కనబడును” అని స్త్రీలను మరలించెను. పురుషులు అచటనే నిలిచి శిల్పకళను గూర్చి దీర్ఘముగ చర్చించిరి. మేము చెరువును చూచి, నీటినడుమ నున్న మండపమును చూచి, తిరిగివచ్చి శిల్పములను తీరికగా చూచితిమి. రాతిలో నగల చెక్కడము చూచినచో, ఇప్పటి కంసాలులకు గూడ క్రొత్త నమూనాలు దొరకునని మాలో నొకరనిరి.

గుట్ట దిగిన పిమ్మట పట్టిక ప్రకారము ఇందూరు పోవలసియుండెను. కాని డాక్టరు వదిన మార్గదర్శకుని పిలిచి, “నాయనా, ఇచట విక్టోరియా ఆసుపత్రి యుండవలెను గదా, అచటికి పోయి పోదుము” అనెను. అతడు ముఖము చిట్లించి, “అది కుష్ఠరోగుల ఆసుపత్రి యమ్మా!” అనెను. “అందుకే పోవలెననుచున్నాను” అని యామె బదులు చెప్పెను. బస్సులో కొంత గుసగుస సాగినది. తుదకు పురుషులలో నొక వృద్ధ రసాయనశాస్త్రవేత్త “పోదము పోదము” అనుటచే బస్సు మరలినది.

ఆ ఆసుపత్రి కథ మన స్త్రీలందరు తెలిసికొనవలసినది. ఇసబెల్ కెర్ అను నామె స్కాట్లండు దేశీయురాలు. స్త్రీలకు వైద్యవిద్య దొరకుట యరుదైన కాలమున, 1903లో ఆబర్డీనులో వైద్యపట్టము పొంది, 1907లో మతబోధకుడగు భర్త జార్జితో కూడ హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. ఇందూరులో వైద్యము చేయుచుండగా కుష్ఠరోగులు వచ్చి వాకిట నిలుచుండిరి. వారికి మందు లేదు, ఇల్లు లేదు, ఊరిబావి లేదు. ఆమె మొదట చిన్న ఆశ్రమము నేర్పరచెను. అది చాలదయ్యెను. అపుడు నర్సాగౌడు అను స్థానిక ధనికుడు, తాను హిందువై యుండియు, మతమును లెక్కింపక విరాళమిచ్చెను. 1915లో డిచ్‌పల్లియందు ఆసుపత్రి తెరువబడినది.

నాటికి కుష్ఠమునకు గల మందెల్ల చాల్‌మొగ్ర జాతి గింజల నూనె. దానిని త్రాగిన వాంతులు. చర్మమునకు పూసిన గుణము తక్కువ. సూదితో నెక్కించిన గడ్డకట్టి పుండ్లు పడుట. ఆ నూనెను శరీరము సులభముగా గ్రహించునట్లు మార్చు విధమును 1915 ప్రాంతమున హవాయి ద్వీపములలో కనిపెట్టినది ఆలిస్ బాల్ అను నల్లజాతి యువతి. 24వ యేటనే, 1916లో, ఆమె మరణించెను. ఆమె శ్రమను మరియొక పండితుడు తన పేర ప్రకటించుకొనెను. చాలకాలమునకు గాని లోకము ఆమె పేరు తెలిసికొనలేదు. ఇట కలకత్తాలో రోజర్సు, మ్యూరు మొదలగు వైద్యులు ఆ నూనెను మెరుగుపరచిరి. ఇసబెల్ కెర్ ఆ సూదిమందును డిచ్‌పల్లిలో రోగులకు వాడెను. ఆమెకు 1923లో కైసర్-ఇ-హింద్ పతకము వచ్చెను. 1932 జనవరిలో ఆమె మరణించెను. ఆమెతో పనిచేసిన జాన్ లో అను యువవైద్యుడు ఇచట నేర్చిన విద్యతో కలకత్తాకును, అటుపై ఆఫ్రికాలోని నైజీరియాకును పోయి, డాప్సోను అను మాత్రను కొద్ది మోతాదులలో మ్రింగించిన చాలునని 1940ల చివర నిరూపించెను. నూనె సూదుల కాలము దానితో ముగిసినది. మన తెలంగాణ పల్లెలో పాఠము నేర్చినవాడు దూరదేశమున కోట్లమందికి మేలు చేసెనని తలచిన, ఆ గుట్టమీద చూచిన శిల్పములకన్న ఇది తక్కువ చూడదగినదని మే మనజాలము.

రోగులను చూపుడు వస్తువులవలె చూచుట తగదని డాక్టరు వదిన ముందే గట్టిగ చెప్పెను. ఛాయాచిత్రములు వలదనెను. అనుమతి పొంది ఆవరణలో కొంతదూరము మాత్రము నడచి, చెట్లక్రింద నిలిచి మాటలాడి వచ్చితిమి. ఒక స్త్రీ, వ్రేళ్లు వంగిన చేతితో కొంగు సవరించుకొనుచు, “కూసోండ్రి అమ్మా, నీళ్లు తాగుతరా?” అని యడిగెను. అడిగిన పిమ్మట మా ముఖములవైపు చూచెను. డాక్టరు వదిన “తాగుతం అక్కా” అని నీరు పుచ్చుకొని త్రాగెను. ఆమె వెనుక మేమును త్రాగితిమి. వెనుకబడిన యిద్దరు దొరలు మాత్రము తమ సీసాలు చూపి నవ్విరి.

ఆమె కథ అడుగవలెనని మాకు లేదు, ఆమెయు చెప్పలేదు. కాని ఒకటి సోదరీమణులు గమనింపవలెను. కుష్ఠము వచ్చినదను కారణముచే భార్యకు గాని భర్తకు గాని విడాకు లీయవచ్చునని మన వివాహచట్టములలో చిరకాలము వ్రాసియుండెను. మందు లేని కాలమున వ్రాసిన మాట, మందు వచ్చిన పిమ్మటను దశాబ్దములు నిలిచియుండెను. 2019లో గాని పార్లమెంటు దానిని కొట్టివేయలేదు. ఇప్పుడు రెండు మూడు మందులు కలిపి యిచ్చు చికిత్స సర్కారు ఆసుపత్రులలో ఊరక దొరకును. ఆరు నెలలనుండి ఏడాది వరకు వాడవలెను; మందు మొదలుపెట్టిన కొలది దినములకే రోగము ఇతరుల కంటు శక్తి పోవును. అయినను మన దేశమున నేటికి ఏటేట ఇంచుమించు లక్షమంది క్రొత్త రోగులు బయటపడుచున్నారు. చర్మముపై వెలిసిన మచ్చ యేర్పడి, అచట గిల్లిన స్పర్శ తెలియకున్నచో, దాచక వెంటనే చూపించుకొనవలెను. ఆలస్యమువలన వ్రేళ్లు వంగును. ముందుగ వచ్చినవారికి ఏ వైకల్యమును రాదు. డాక్టరు వదిన తిరుగుదారిలో బస్సునందు నిలుచుండి ఈ మాటలు చెప్పగా, సభలో ఏ వ్యాసమును విననంత శ్రద్ధగా అందరు వినిరి.

ఇందూరు, అనగా నిజామాబాదు, అచటికి ఎనిమిది పది క్రోసులలోపే. కోట చూచితిమి, రఘునాథాలయము చూచితిమి. దాశరథి కృష్ణమాచార్యులను నిజాము ప్రభుత్వము 1948లో ఈ కోటలోని జైలునందే బంధించినది. కాగితము లేక ఆయన గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెనని ప్రసిద్ధి. ఎండ ముదురుచుండుటచే అచట ఎక్కువసేపు నిలువలేదు. భోజనము జొన్నరొట్టెలు, పప్పు, మాంసాహారులకు అంకాపూరు పద్ధతి నాటుకోడి కూర. కారము ఘనముగా నుండెను. విదేశముల నుండి వచ్చిన యొక ఆమె కన్నీరు కార్చుచునే రెండవసారి వడ్డించుకొనెను.

మేము మిక్కిలి సంతోషించినది పసుపు మార్కెట్టులో. ఇదియు పట్టికలో లేదు. భోజనశాలకు పోవుదారిలో వాసన పట్టుకొని మేమే దిగితిమి. మాఘఫాల్గుణములలో చుట్టుపట్ల పల్లెలనుండి పసుపు ఇచటికి వచ్చును. కొమ్ములను త్రవ్వి, ఉడుకబెట్టి, దినములకొలది ఎండబోసి, డ్రమ్ములలో త్రిప్పి పైపొర రాల్చి మెరుగుపెట్టుదురు. రాశులు పోసిన నేల యంతయు బంగారము పరచినట్లుండెను. కొమ్మును విరిచి లోపలి రంగు చూచి వెల కట్టుదురు. విరిచినపుడు వచ్చు చప్పుడు బట్టియే తడి యెంత యున్నదో చెప్పగల స్త్రీలను అచట చూచితిమి. వృద్ధ రసాయనశాస్త్రవేత్త వారియొద్ద చతికిలబడి కూర్చుండి, ప్రయోగశాలలో యంత్రముతో తాము చేయు పని ఇదియే యని యాశ్చర్యపడెను.

పసుపును గూర్చి యొక వ్యవహారము జరిగినది జ్ఞాపకముండవచ్చును. గాయములు మాన్పుటకు పసుపు వాడు విధము తాము కనిపెట్టితిమని 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ పరిశోధకులు పేటెంటు పొందిరి. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని ఎదిరించి, ప్రాచీన గ్రంథములను, మునుపే అచ్చైన వ్యాసములను సాక్ష్యములుగ చూపగా 1997లో ఆ పేటెంటు రద్దయినది. పిల్లవాడు పడి మోకాలు గీసికొనినచో మన మామ్మలు చేసిన పని న్యాయస్థానము వంటి చోట సాక్ష్యమై నిలిచినదన్నమాట. 2025 జనవరిలో జాతీయ పసుపు మండలి నిజామాబాదులోనే ఆరంభింపబడినది. ఆ మండలివలన ఆ కొమ్ములు విరుచు స్త్రీల కూలి యెంత పెరుగునో చూడవలసియున్నది.

ఇందూరునుండి నిజాంసాగరమునకు పోవు మా దారి బోధను మీదుగనే. దారికిరుప్రక్కల కాలువలు, వరిమళ్లు, అక్కడక్కడ చెరకు. పల్లెల పేర్లలో క్యాంపు అను మాట తరచుగ వచ్చుచుండెను. నిజాంసాగరము కాలువలు పారిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి వచ్చి నిలిచిన వ్యవసాయకుల నివాసము లవి. కాలువగట్టున పూత వెలిసిపోయిన రెల్లుదుబ్బులు చూపి చిన్నక్క బస్సు నాపించెను.

“మనము చీపురుకును, కప్పుకును తప్ప దేనికి పనికిరాదనుకొను ఈ రెల్లే నేటి చెరకునకు తండ్రివంటిది” అని ఆమె చెప్పిన కథ యిది. లావుగా, తీయగా, రసముతో నుండు దక్షిణదేశపు చెరకు ఉత్తరాది చలికి, తెగుళ్లకు నిలువలేదు. అచటి చెరకు సన్నము, రసము తక్కువ. కోయంబత్తూరులో చెరకు పూత పూయును. పూసినగాని సంకరము చేయ వీలులేదు. అందుచే 1912లో అచట పరిశోధనాకేంద్రము పెట్టిరి. బార్బరు అను దొరయు వెంకటరామనును కలిసి, తీయని లావు చెరకును ఈ గడ్డి రెల్లుతో సంకరము చేసిరి. అందుండి కో 205 అను రకము పుట్టి 1918లో పంజాబు రైతులకు చేరినది. మొండితనము రెల్లుది, తీపి చెరకుది. అటుపై వచ్చిన కో 419 రకము మన దక్కను ప్రాంతమున చాలకాలము రాజ్యమేలినది. ఆ కేంద్రముననే 1934 నుండి అయిదేండ్లు పనిచేసినది జానకీ అమ్మాళ్; తలశ్శేరిలో 1897లో పుట్టిన మలయాళ వనిత. ఆమె చెరకు కణములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, చెరకును మొక్కజొన్నతో గూడ సంకరము చేసి చూచెను. పెండ్లి చేసికొనక, ఒంటరి స్త్రీ యని చులకనజేయువారి మధ్య నిలిచి, తుదకు ప్రపంచ ప్రసిద్ధి గాంచిన యామె పేరు మన యాడుపిల్లల పాఠ్యపుస్తకములలో నింకను పెద్ద యక్షరములలో నుండదగినది.

బోధను చేరుసరికి మధ్యాహ్నము మూడు. కర్మాగారమున్న పేటకు శక్కర్‌నగరు అని పేరు. ఉర్దూలో శక్కర యన్న చక్కెరయే. “పదినిమిషములు మాత్రమే” అని మార్గదర్శకుడు బస్సు నాపెను. ఒకప్పుడు ఆసియాలోనే మిక్కిలి పెద్దదని ప్రసిద్ధి గన్న కర్మాగార మది. ఇప్పుడు తాళమువేసిన గేటు, లోపల పొగ లేని పొగగొట్టము. 2002లో ప్రభుత్వము తన వాటాలో అధికభాగమును ప్రైవేటు సంస్థకు విడిచినది. 2015 డిసెంబరులో బోధను, మెట్‌పల్లి, మెదకు శాఖలు మూడును మూతబడినవి. మరల తెరతుమని మాటలు పలుమారు వినబడినవి.

గేటున కెదురుగ చెట్టుక్రింద చాయ అమ్ముకొను ఒక అవ్వ మమ్ము చూచి, “ఎక్కడినుంచి బిడ్డా?” అని యడిగెను. శాస్త్రజ్ఞుల సభనుండి చూడవచ్చితిమనగా నామె నవ్వి, “తాళమేసిన గేటు జూడనీకి గింత దూరమొచ్చిండ్రా? గుడి లేదా, చెరువు లేదా?” అనెను. తన మామయు, భర్తయు, పెద్దకొడుకును లోపలనే పనిచేసిరట. “సీజన్‌ల ఊరంత తీపివాసన. సైరను మోగితె వంట మొదలుపెడుతుంటిమి, ఇంకో సైరనుకు బువ్వ డబ్బ పట్టుకొని పోతుంటిమి. మాకు గడియారం గదే. ఇప్పుడు కొడుకు హైదరాబాదుల కావలి పని జేస్తుండు, బిడ్డా.” మాలో నొకరు చాయకు డబ్బు ఎక్కువ ఇయ్యబోగా ఆమె కోపగించుకొని చిల్లర లెక్కబెట్టి యిచ్చెను.

ఇంటిలో చక్కెర వాడు మనకు తెలియని సంగతి యొకటి చిన్నక్క అచట చెప్పెను. చెరకు నరికిన క్షణమునుండి దానిలోని చక్కెర విరిగి తరుగుట మొదలగును. ఇరువదినాలుగు గంటలలోపు ఆడించినగాని రైతునకును, మిల్లుకును నష్టమే. నూరు కిలోల చెరకునుండి వచ్చునది సుమారు పది కిలోల చక్కెర. తక్కినదంతయు నీరు, పిప్పి, మడ్డి. ఇంత బరువును దూరము మోయుట దండుగ. అందుచే చెరకు పొలమునకు మిల్లు దాపుననే యుండవలెను. మిల్లు పోయినచోట చెరకు నిలువదు. బోధను చుట్టుపట్ల పెక్కుమంది రైతులు వరికి మరలుటకు కారణ మిదియే. కాలువ యున్నది, వంగడ మున్నది, రైతు ఉన్నాడు. నడుమ నుండవలసిన గొలుసులో నొక్క కొలికి ఊడినది. ఇంజనీర్లు, వృక్షశాస్త్రజ్ఞులు ముప్పదేండ్లు కూర్చిన దానిని కాగితముమీది లెక్కలు విప్పివేసినవి. శాస్త్రసభకు వచ్చినవారు చూడవలసినది ఇది కానిచో మరేది?

ఈ మాటపై బస్సులో గట్టి వాదమే జరిగినది. “అతిథులకు ఇంటిలోని పగిలిన కుండ చూపుదుమా?” అని ఒక పెద్దమనిషి యనెను. వంటింటి సంగతి తెలిసినవారము గనుక మేము బదులు చెప్పితిమి: కుండలు చేయువారే అతిథులుగ వచ్చినపుడు పగిలిన కుండనే ముందు చూపవలెను. ఆయన నవ్వి యూరకుండెను, అంగీకరించెనని చెప్పలేము. పదినిమిషములని చెప్పిన మార్గదర్శకుడు మాత్రము అవ్వతో మాటలలో పడి ముప్పావుగంట కదలలేదు. అతని మేనమామయు నచట పనిచేసినవాడేనట. ఉదయమున మాకా మాట చెప్పలేదు.

నిజాంసాగరము చేరునప్పటికి ప్రొద్దు వాలినది. మంజీరానదికి 1923లో మొదలుపెట్టి 1931 నాటికి కట్టిన ఆనకట్ట. కట్టించినది ఇంజనీరు నవాబు అలీ నవాజు జంగు. సుమారు మూడు కిలోమీటర్ల పొడవు, మీద పదునాలుగడుగుల బాట. దీనికొరకు నలువది పల్లెలు ఖాళీ చేయించిరి. నీరు ఎఱ్ఱగ మెరయుచుండ అందరును ఛాయాచిత్రములు తీసికొనిరి. గాలి చల్లగ నుండెను. అంతకుమించి అచట చెప్పవలసినది లేదు, చూడవలసినదే.

చిన్నక్క బస్సులోనే కాగితము తీసి, ముందు సభలవారికి పంపుటకై యీ ప్రాంతమునకు వేరొక పట్టిక వ్రాసినది. ఉదయము చల్లవేళ డిచ్‌పల్లి గుట్ట. తరువాత ఆసుపత్రి, పెద్దల యనుమతి ముందుగ తీసికొనవలెను, ఫోనులు సంచిలోనే యుంచవలెను. మధ్యాహ్నములోపల పసుపు మార్కెట్టు, ఆ పిమ్మట కోట. బోధనులో పదినిమిషములు కాదు, రెండు గంటలు; పాత కార్మికుల నిద్దరు ముగ్గురను పిలిపించి లోపలి యంత్రములేవి యెట్లు నడచినవో వారిచేతనే చెప్పించవలెను, వారికి బత్తె మీయవలెను. సాయంకాలము నిజాంసాగరము. మాఘఫాల్గుణములు మంచివి, పసుపు అపుడే రాశులు పడును, చెరకు నింకను పొలములలో నుండును. పిల్లలను గూడ తీసికొనిపోవచ్చును. మెట్లకు తగిన చెప్పులు, త్రాగుటకు నీరు, అవ్వ చాయకు చిల్లర దగ్గర నుంచుకొనిన చాలును.